కౌటిలీయమున అశ్వపోషణవిధానము – పులాకశబ్దార్థవిచారము

భారతీయ శాస్త్రవాఙ్మయమున అశ్వమును గూర్చి వెలసిన గ్రంథములు స్వల్పములు కావు. శాలిహోత్రుని పేర పెక్కు కృతులు ప్రచారమున నున్నవి. నకులుని పేర వెలసిన అశ్వచికిత్సితము, జయదత్తుని అశ్వవైద్యకము 19వ శతాబ్ది చివరి పాదమున కలకత్తాలోని బిబ్లియోథికా ఇండికా గ్రంథమాలయందు అచ్చుపడినవి. తంజావూరు సరస్వతీమహలు గ్రంథాలయమువారు నకులకృతముగా ప్రసిద్ధమైన అశ్వశాస్త్రమును 1952లో వర్ణచిత్రములతో ప్రకటించిరి. తెలుగున మనుమంచి భట్టు హయలక్షణవిలాసమును రచించెను. ఈ చివరి కృతి పేరులోనే లక్షణశబ్దము ముందు నిలిచియున్నది. అశ్వశాస్త్రమనగా సుడులు, వన్నెలు, శుభాశుభచిహ్నములు తెలుపు శాస్త్రమను తలంపు విద్యార్థులలో నాటుకొనుటకు ఇట్టి ప్రసిద్ధియే కారణము కావచ్చును.

అయితే గుఱ్ఱమును కొనునాడు లక్షణజ్ఞానము ఎంత యవసరమో, కొన్న గుఱ్ఱమును బ్రదికించుకొనుటకు పోషణజ్ఞానము అంతకంటె అవసరము. ఈ రెండవ విషయమును క్రమబద్ధముగా, కొలతలతో, బాధ్యతలతో నిరూపించిన ప్రాచీనగ్రంథములలో కౌటిలీయార్థశాస్త్రము ప్రముఖమైనది. రుద్రపట్నం శామశాస్త్రి 1909లో ఈ గ్రంథమును తొలిసారి అచ్చున వెలువరించిన నాటినుండి రాజనీతిభాగములపై జరిగిన చర్చలో కొంతపాలైనను అధ్యక్షప్రచారమందలి పశుపోషణభాగములపై జరుగలేదు. అధ్యక్షప్రచారమను రెండవ అధికరణమున 30వ అధ్యాయము అశ్వాధ్యక్షుని విధులను చెప్పును. ఈ అధ్యాయమున పోషణక్రమమెట్టిదో, అందలి పులాకశబ్దమునకు ఏ యర్థము గ్రహింపదగునో, ఆ యర్థనిర్ణయమువలన కలుగు ఫలమేమో ఈ వ్యాసమున పరిశీలింపబడుచున్నది.

1. లెక్కతో మొదలు

అశ్వాధ్యక్షుని మొదటి విధి గుఱ్ఱములను పట్టికలో వ్రాయించుట. అవి వచ్చిన మార్గమునుబట్టి ఏడు విధములు: విక్రయార్థము వచ్చినవి, కొన్నవి, యుద్ధమున చిక్కినవి, శాలలోనే పుట్టినవి, సాహాయ్యమునకు ప్రతిగా లభించినవి, కుదువకు వచ్చినవి, కొంతకాలమునకై నిలిపినవి. ప్రతిదానికిని కులము, వయస్సు, వర్ణము, చిహ్నము, వర్గము, వచ్చిన చోటు వ్రాయవలెను. అంగవైకల్యము కలవానిని, రోగగ్రస్తములను వెంటనే నివేదింపవలెను. ఇచ్చట చిహ్నశబ్దము కనబడుచున్నను అది గుఱ్ఱమును గుర్తించుటకే ఉపయోగపడుచున్నది. శుభాశుభఫలములు చెప్పుటకు కాదు. గుఱ్ఱమును చూచుకొనువాడు నెలకు సరిపడు గ్రాసమును కోశమునుండియు కోష్ఠాగారమునుండియు గ్రహించి జాగరూకుడై పోషింపవలెను. ఏ గుఱ్ఱమునకు ఎంత ఇచ్చిరో లెక్క తేలుటకు ఈ నెలవారీ పద్ధతి ఆధారము.

2. శాలానిర్మాణము

అశ్వశాల పొడవు గుఱ్ఱముల సంఖ్యనుబట్టి యుండును. వెడల్పు గుఱ్ఱపు నిడివికి రెట్టింపు. నాలుగు ద్వారములు, నడుమ గుఱ్ఱము పొరలుటకు తగిన చోటు, ముందు పంచ ఉండవలెను. ఒక్కొక్క గుఱ్ఱమునకు దాని నిడివి ఎంతయో అంత చతురస్రమైన స్థానము, నున్నని పలకలు పఱచిన నేల, మేతతొట్టి, మలమూత్రములు వెలికిపోవు మార్గము విధింపబడినవి. స్థానము తూర్పునకో ఉత్తరమునకో అభిముఖముగా నుండవలెను. బడబలకు, వృషములకు, కిశోరములకు వేర్వేరు తావులు కలవు. కోతులు, నెమళ్లు, ముంగిసలు, చకోరములు, చిలుకలు, గోరువంకలు శాల సమీపమున నుండవలెనని చెప్పుటలో విషప్రాణులను పసికట్టు ప్రయోజనము వ్యాఖ్యాతలచే గుర్తింపబడినది. పరిచారకులలో విషవైద్యుడు పేర్కొనబడుట దీనికి పోషకము.

ఈ నిర్మాణమున పలకల నేల, మూత్రనిర్గమము అను రెండు అంశములు ముఖ్యములు. తడిసిన నేలపై నిలిచిన గుఱ్ఱపు డెక్క మెత్తబడి అడుగుభాగము కుళ్లును. నిలువయున్న మూత్రమునుండి వెలువడు అమ్మోనియా వాయువు ఊపిరితిత్తులకు హాని చేయును. నేటి పశువైద్యులు అశ్వశాలలో మొదట పరీక్షించునవి నేల పొడితనము, గాలి స్వచ్ఛత. పొరలుటకు చోటు విడుచుట కూడ గుఱ్ఱపు స్వభావము నెఱిగిన మాటయే.

3. పసితనమునుండి పూర్ణవయస్సు వఱకు

ఈనిన బడబకు మూడు రాత్రులు ప్రస్థమేసి నేయి త్రాగింపవలెను. ఆపై పది రాత్రులు ప్రస్థప్రమాణమున సక్తువును, స్నేహముతోడి ఔషధపానమును ఈయవలెను. అటుపిమ్మట పులాకము, పచ్చికసవు, ఋతువునకు తగిన ఆహారము. కిశోరమునకు పది రాత్రులు గడచినది మొదలు ఆఱవ నెల వఱకు కుడుబము సక్తువు, అందు నాల్గవపాలు నేయి, ప్రస్థము పాలు విధింపబడినవి. తరువాత మూడేండ్ల వఱకు ప్రస్థప్రమాణమున యవలు, నెలనెలకు సగము చొప్పున పెంచుచు ఈయవలెను. నాలుగేండ్ల వఱకు ద్రోణప్రమాణము. నాలుగవ లేక ఐదవ యేట గుఱ్ఱము పూర్ణప్రమాణము పొంది పనికి తగినదగును.

ఈ చివరి వాక్యార్థము గమనింపదగినది. ఎముకలు గట్టిపడకముందే గుఱ్ఱముచే బరువుపని చేయించిన కాళ్లు చెడును. గుఱ్ఱపు వెన్నెముకలోని పెరుగుదల పలకలు ఐదేండ్ల ప్రాంతమున గాని పూర్తిగా మూసికొనవని ఆధునికశరీరశాస్త్రము చెప్పుచున్నది. నాలుగైదేండ్లు నిరీక్షింపుమను విధి అనుభవమునుండి పుట్టినదే కావలెను.

4. పెద్దగుఱ్ఱపు గ్రాసము

ఉత్తమాశ్వమునకు శాలి, వ్రీహి, యవ, ప్రియంగువులలో నొకటి రెండు ద్రోణములు, సగము ఎండినదిగానో సగము ఉడికినదిగానో ఈయవలెను. లేదా పెసలు, మినుములలో నొకదాని పులాకము. దానితోపాటు స్నేహము ప్రస్థము, ఉప్పు ఐదు పలములు, మాంసము ఏబది పలములు, ముద్దను తడుపుటకు మాంసరసము ఆఢకము లేదా పెరుగు దానికి రెట్టింపు. ప్రతిపానముగా ఐదు పలముల క్షారముతో సుర ప్రస్థము, లేదా పాలు దానికి రెట్టింపు. ఈ క్షారశబ్దమును బెల్లము మొదలగు తీపిపదార్థముగా గ్రహించుట కలదు. పచ్చికసవు అర్ధభారము, గడ్డి దానికి రెట్టింపు. దూరప్రయాణమువలన, బరువు మోయుటవలన అలసినవానికి అనువాసనవస్తికై ప్రస్థము, నస్యమునకై కుడుబము స్నేహము అదనము. మధ్యమాధమములకు నాల్గవపాలు చొప్పున తగ్గును. బడబలకును కంచరగాడిదలకును పాదము తక్కువ.

ఈ పరిమాణముల పరస్పరనిష్పత్తిని అర్థశాస్త్రమందలి తులామానప్రకరణముతోనే తెలిసికొనవచ్చును. ఆయమానద్రోణము 200 పలముల మినుములు పట్టునది. కావున రెండు ద్రోణములు స్థూలముగా 400 పలములు. తుల 100 పలములు, భారము 20 తులలు. కావున అర్ధభారము 1000 పలములు, దానికి రెట్టింపు 2000 పలములు. ద్రోణమునకు వ్యవహారభేదమున నాలుగు కొలతలున్నందున ఈ లెక్క స్థూలమే యైనను నిష్పత్తి స్పష్టముగానే యున్నది: దాణా కంటె కసవు బరువు రెండున్నర రెట్లు; గడ్డియైనచో ఐదు రెట్లు. మాంసము దాణాలో ఎనిమిదవ వంతు. ఉప్పు దాణాలో ఎనుబదవ వంతు.

గుఱ్ఱపు కడుపు దాని దేహముతో పోల్చిన చిన్నది. అది కొంచెము కొంచెముగా రోజులో అధికభాగము మేయుటకు ఏర్పడినది. గడ్డిలోని నారను జీర్ణము చేయు సూక్ష్మజీవులు దాని పెద్దప్రేగులలో నుండును. చిన్నప్రేగు జీర్ణింపలేనంత పిండిపదార్థము ఒక్కమాఱుగా పడినచో అది పెద్దప్రేగునకు చేరి పులిసి శూలకును డెక్కవాపునకును దారితీయును. గుఱ్ఱము వాంతి చేసికొనజాలదు గనుక ఈ ప్రమాదము మఱింత తీవ్రము. అందుచేతనే నేటి వైద్యులు మేతకు ప్రాధాన్యమిచ్చి దాణాను చిన్నపాళ్లుగా విభజింపుమందురు. పచ్చికసవున మూడువంతులకు పైగా నీరే యుండును గనుక దాని బరువునుబట్టి మాత్రమే తృప్తిపడరాదు. ఈ దృష్టితో చూచిన రెండు ద్రోణముల దాణా ఊరక నిలిచియుండు గుఱ్ఱమునకు మిక్కిలి యధికము. స్వారిగుఱ్ఱములకు ఐదు, ఏడున్నర, పది యోజనములును, రథాశ్వములకు ఆఱు, తొమ్మిది, పండ్రెండు యోజనములును నడక విధించిన ప్రకరణము ఇదియే. ఆ శ్రమకు ఈ గ్రాసము. రెంటిలో నొకదానిని విడిచి రెండవదానిని ఉదాహరించుట శాస్త్రాభిప్రాయమునకు విరుద్ధము. యుద్ధముచేతను, వ్యాధిచేతను, ముసలితనముచేతను కృశించిన గుఱ్ఱములకు ప్రాణధారణకు చాలినంత గ్రాసము మాత్రమే విధించుటలోను ఈ శ్రమాహారసంబంధమే కనబడుచున్నది.

5. పులాకమనగా నేమి?

సంస్కృతకోశములలో పులాకశబ్దమునకు తుచ్ఛధాన్యమనియు, ఉడికిన అన్నపు మెతుకనియు రెండర్థములు కనబడును. మొదటిదానికి తెలుగున పొల్లు, తాలు అను మాటలు కలవు. రెండవ యర్థము స్థాలీపులాకన్యాయమున అందఱెఱిగినదే. తరగతిలో ఈ అధ్యాయమును బోధించునపుడు కోశమున ముందు కనబడు అర్థమును గ్రహించిన విద్యార్థి, గుఱ్ఱమునకు పెసలపొల్లు, మినుపపొల్లు పెట్టవలెనని వ్రాయును. వ్యాకరణరీత్యా ఆ యర్థము అసంభవము కాదు. కావున ప్రకరణబలముచేతనే దీనిని నిర్ణయింపవలెను. అందుకు నాలుగు హేతువులు కలవు.

మొదటిది, వికల్పసామ్యము. రెండు ద్రోణముల గట్టిధాన్యమునకు ప్రత్యామ్నాయముగా పులాకము చెప్పబడినది. సారమున్న దానికి సారము లేనిది వికల్పము కాజాలదు. ఉత్తమాశ్వమునకు పొల్లు పెట్టుమనుట ఉత్తమశబ్దమునకే బాధకము.

రెండవది, సన్నిహితపదబలము. ధాన్యమునకు సగము ఉడికినదను విశేషణము పులాకశబ్దమునకు ముందే యున్నది. ఉడుకుట అను భావము అప్పటికే ప్రస్తుతమై యున్నందున పప్పుధాన్యములకు వాడిన పులాకశబ్దమును ఆ భావముననుసరించియే గ్రహించుట ఉచితము.

మూడవది, పరిచారకగణనము. అశ్వశాలలో పనిచేయువారిలో గుఱ్ఱపు గ్రాసమును వండువాడు, విధాపాచకుడు, ప్రత్యేకముగా పేర్కొనబడినాడు. వాడును, పగ్గము పట్టువాడును, వైద్యుడును ఆ గ్రాసమును స్వయముగా రుచి చూడవలెనను నియమము కూడ కలదు. పొల్లు పెట్టుటకు వంటవాడు అక్కఱలేదు; పొల్లును రుచిచూచుటకు వైద్యుడు అంతకంటెను అక్కఱలేదు.

నాల్గవది, బడబావిషయము. ఈనిన బడబకు పదమూడవ రాత్రి తరువాత పులాకము విధింపబడినది. పాలిచ్చు బడబకు తొలి నెలలలో సామాన్యకాలమున కంటె దాదాపు రెట్టింపు ఆహారశక్తి కావలెనని ఆధునికగణనము. అట్టి సమయమున నేయి, సక్తువు మానిపించి పొల్లు పెట్టిన తల్లి కృశించును, పిల్లకు పాలు చాలవు. శాస్త్రకారుడు అట్లు విధించునని ఊహింపరాదు.

కావున ఈ ప్రకరణమున పులాకమనగా పూర్తిగా మెదగక గింజ నిలిచియుండునట్లు ఉడికించిన ధాన్యమని గ్రహింపదగును. తెలుగువారికి ఈ వస్తువు అపరిచితము కాదు. తెలుగునాట గుఱ్ఱములకు ఉడికించిన ఉలవలు పెట్టుట చిరపరిచితము, వానిని గుగ్గిళ్లందురు. కౌటిల్యుడు ఈ సందర్భమున ఉలవలను చెప్పలేదు. పెసలు, మినుములు చెప్పెను. ధాన్యము వేఱైనను పాకవిధానము ఒక్కటే. పులాకశబ్దమునకు గుగ్గిళ్లు అను అనువాదము వస్తుతత్త్వమునకు మిక్కిలి సన్నిహితము. ఇచ్చట ఒక్క శబ్దము తప్పిన కడుపు నిండవలసిన గుఱ్ఱమునకు పొట్టు దక్కును. అర్థనిర్ణయము కేవలము శబ్దచర్చ కాదనుటకు ఇంతకంటె నిదర్శనము వలదు.

6. వైద్యుని యధికారము, దండనీతి

అశ్వచికిత్సకుల విధి రోగము వచ్చిన పిదప మందిచ్చుటతో ముగియదు. దేహము కృశించుటకును బలియుటకును తగిన ప్రతీకారము చేయుట, ఋతువునుబట్టి ఆహారమును మార్చుట వారి పనులే. వైద్యుడు నిలిపియుంచుమన్న గుఱ్ఱమును ఎక్కి నడిపినవానికి పండ్రెండు పణముల దండము. చికిత్సలో, ఔషధములో అలసత్వమువలన వ్యాధి ముదిరినచో చికిత్సావ్యయమునకు రెట్టింపు దండము. అపరాధమువలన గుఱ్ఱము చచ్చినచో దాని వెల చెల్లింపవలెను. పరిచారకులు తమ పని తప్పిన ఆనాటి కూలి కోతపడును. గుఱ్ఱములకు దినమునకు రెండు స్నానములు విధింపబడినవి. ఆశ్వయుజమాసమున తొమ్మిదవ దినమున నీరాజనము చెప్పబడినది. నీరాజనమునకై నిలిపిన గుఱ్ఱమును నడిపినను అదే పండ్రెండు పణముల దండము. అనగా ఆరాధనయు చికిత్సయు గుఱ్ఱమునకు విశ్రాంతి కల్పించు విషయమున సమానబలము కలవి.

పశుచికిత్సపై రాజ్యమునకు గల శ్రద్ధ శాసనములచేతను తెలియుచున్నది. అశోకుని రెండవ శిలాశాసనము మనుష్యులకును పశువులకును చికిత్స ఏర్పఱచిన సంగతి చెప్పును. కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడిలోని శాసనసముదాయమున అదియును కలదు.

7. తీరప్రాంతపు అనుభవము

శాస్త్రమున నున్నది ఆచరణమున నున్నదా యను ప్రశ్నకు మధ్యయుగచరిత్ర కొంత సమాధానమిచ్చును. కాకతీయ గణపతిదేవుని మోటుపల్లి అభయశాసనము (1244) గాలివానకు చిక్కి ఒడ్డున పడిన ఓడలలోని సరకును పూర్వరాజులు బలాత్కారముగా గైకొనుచుండిరని చెప్పుచు ఆ సరకులలో గుఱ్ఱములను కూడ పేర్కొన్నది. సముద్రముపై గుఱ్ఱముల రాక ఎంత విలువైన వర్తకమో దీనిచే తెలియును. ఆ కాలపు శాసనములలో అశ్వసేనాధికారికి సాహిణి యను బిరుదు కనబడును. నృత్తరత్నావళీకర్తయైన జాయప గజసాహిణి.

అదే శతాబ్ది చివర దక్షిణతీరమును చూచిన మార్కో పోలో మాబారు దేశమును గూర్చి వ్రాయుచు, అచ్చటి రాజు ఏటేట రెండువేలకు పైగా గుఱ్ఱములు కొనుననియు, ఏడు తిరుగునప్పటికి నూఱు కూడ మిగులవనియు, పోషణ తెలిసినవారు లేకుండుటయే కారణమనియు చెప్పెను. గుఱ్ఱములు చచ్చుచున్నంతకాలము కొత్తవి అమ్ముడుపోవును గనుక లాడములు కొట్టి వైద్యము చేయువారిని వర్తకులు ఆ దేశమునకు రానీయరనికూడ అతడు వ్రాసెను. వండిన అన్నము, మాంసము గుఱ్ఱములకు పెట్టుట అతనికి వింతగా తోచినది. విదేశీయుని మాటలో అతిశయోక్తి ఉండవచ్చును. అయినను ఒక విషయము విచారింపదగినది. వండిన ధాన్యము, మాంసము కౌటిలీయమునను కలవు. ఆహారద్రవ్యములు ఒక్కటియే యైనను అచ్చట గుఱ్ఱములు చచ్చుటకు కారణము ద్రవ్యములలో మాత్రమే వెదకరాదు. కసవు నిష్పత్తి, శ్రమకు తగిన కొలత, ఋతుభేదము, వైద్యుని ఆజ్ఞ, బాధ్యులకు దండము అనునవి లేనిచో గ్రాసపట్టిక ఒక్కటి గుఱ్ఱమును కాపాడజాలదు. మాంసాహారము గడ్డిమేయు జంతువునకు సహజము కాదు. దానిని నేడు అనుసరింపదగిన విధిగా బోధింపరాదు.

విజయనగరకాలమున ఈ వర్తకము మఱింత పెరిగెను. సాళువ నరసింహుడు మార్గమున చచ్చిన గుఱ్ఱమునకు కూడ, దాని తోక తెచ్చి చూపిన చాలును, వెల యిచ్చుచుండెనని నూనిజ్ వ్రాసెను. ఆముక్తమాల్యదలోని రాజనీతిభాగమున ఏనుగులను గుఱ్ఱములను తెచ్చు దూరదేశపు వర్తకులను ఆదరించి, అవి శత్రువులకు చేరకుండునట్లు చూచుకొనవలెనని చెప్పబడినది. ఇంత వెలపోసి తెచ్చు జంతువును గూర్చిన లక్షణగ్రంథములు రాజసభలలో ఆదరము పొందుట సహజమే. కొనుగోలులో మోసపోకుండుటకు లక్షణజ్ఞానము వలయును. పోషణజ్ఞానము మాత్రము సైసుల చేతులలో, నోటిమాటగా నిలిచిపోయెను. ఉత్తరభారతభాషలలో గుఱ్ఱపువైద్యునికి సాలోత్రి యను పేరు శాలిహోత్రశబ్దభవమై ఇటీవలి వఱకు వాడుకలో నుండుట ఈ నోటిపరంపరకు చిహ్నము.

8. బోధనకు ఉపయోగించు అంశములు

పై పరిశీలనమువలన మూడు విషయములు తేలుచున్నవి. మొదటిది, అశ్వాధ్యక్షప్రకరణమును తులామానప్రకరణముతో కలిపి బోధింపవలెను. లేనిచో ద్రోణము, పలము, భారము అర్థములేని శబ్దములుగా మిగులును. రెండవది, విధా, యవస, పులాక, ప్రతిపాన మొదలగు పారిభాషికపదములకు కోశార్థమును మాత్రమే చాలించుకొనక ప్రకరణార్థమును నిర్ణయింపవలెను. దాణా, కసవు, గుగ్గిళ్లు వంటి వాడుకమాటలు ఇందుకు తోడ్పడును. విరాటుని కొలువున దామగ్రంథియై గుఱ్ఱములను కాచిన నకులుని కథను తిక్కన భారతమున చదివిన విద్యార్థికి ఆ పనియొక్క స్వరూపము ఈ ప్రకరణము వలననే స్పష్టమగును. బాహుకుడై యున్న నలుడు చూపునకు బక్కచిక్కినవైనను పరుగునకు తగిన గుఱ్ఱములనే యేల యెన్నుకొనెనో బోధపడుటకు కూడ ఇదియే సాధనము. మూడవది, తెలుగునాటి గ్రంథాలయములందలి అశ్వశాస్త్రప్రతులను పరిశీలించువారు లక్షణభాగమునకు ఇచ్చు శ్రద్ధను పోషణచికిత్సాభాగములకును ఈయవలెను. ఆ భాగములందలి ఓషధులు, ధాన్యములు, కొలతలు వేఱుగా పట్టికలకెక్కించినచో కౌటిలీయవిధులు ఎంతవఱకు తరువాతివారికి సంక్రమించెనో నిర్ణయించుట సాధ్యమగును.